ఈ కారు మీ రైలు పక్కన నిలబడుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా చిన్నతాతయ్య 1960లలో లండన్‌లో ఉద్యోగం చేసి వచ్చేటప్పుడు తెచ్చిన బొమ్మకార్లు ఒక రేకుపెట్టెలో దొరికాయి. మా అబ్బాయి హెచ్‌ఓ అనే సైజు బొమ్మ రైలు సెట్టు కొని, మేడమీద గదిలో పెద్ద బల్ల వేసి, సికింద్రాబాద్ స్టేషన్ లాంటిది కడుతున్నాడు. ఈ కార్లను స్టేషన్ ముందు పెడదామంటే ఒకటి రైలింజన్ కన్నా లావుగా కనిపిస్తోంది, బస్సు మాత్రం మరీ చిన్నదిగా ఉంది. వోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లు రెండు ఉన్నాయి. ఒకటి డింకీ బ్రాండు, ఒకటి మ్యాచ్‌బాక్స్ బ్రాండు. ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు కూడా మ్యాచ్‌బాక్సే. ఏ స్కేలో దేనిమీదా రాసి లేదు. డింకీ బీటిల్ పొడవు 90 మి.మీ., ఇరుసుల మధ్య దూరం 53. మ్యాచ్‌బాక్స్ బీటిల్‌కి 64, 37. బస్సు పొడవు 70. వీటిలో ఏవి పనికొస్తాయి?
– ఒక పాఠకుడు, సీతాఫల్‌మండి

జవాబు: కొలతలు కూడా పంపారు, చాలా సంతోషం. సగం పని మీరే చేసేశారు.

బొమ్మకారు స్కేలు, అంటే అది అసలు కారులో ఎన్నో వంతో, తెలియాలంటే అసలు కారు కొలతను బొమ్మ కొలతతో భాగించాలి. లెక్క ఇంతే. చిక్కంతా ఏ కొలత తీసుకోవాలన్న దగ్గరే వస్తుంది. చాలామంది పొడవు కొలిచి ఊరుకుంటారు. నేను మాత్రం ముందు వీల్‌బేస్ చూస్తాను, అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం. పొడవులో బంపర్లు కూడా కలుస్తాయి. అసలు కారుకే బంపర్లు మధ్యలో మారుతుంటాయి, ఇక పాత బొమ్మకి అవి వంగో విరిగో ఉంటాయి. వీల్‌బేస్ అలా మారదు. మన అంబాసిడర్‌నే చూడండి. ముందు గ్రిల్లు ఎన్నిసార్లు మార్చినా, దానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నాటి 2464 మి.మీ. వీల్‌బేస్ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మీ బీటిల్స్. అసలు బీటిల్ వీల్‌బేస్ 2400 మి.మీ., పొడవు సుమారు 4070. డింకీకి 2400ని 53తో భాగిస్తే 45 వస్తుంది. పొడవుతో చూసినా, 4070ని 90తో భాగిస్తే మళ్లీ 45. రెండు కొలతలూ ఒకే జవాబు చెప్పాయి కాబట్టి నిశ్చింతగా 1:45 అనుకోవచ్చు. మ్యాచ్‌బాక్స్‌కి ఒకటి 65, ఒకటి 64 దాకా వస్తాయి. ఆ మాత్రం తేడా చేతి కొలతలో మామూలే. అది 1:64కి దగ్గర. డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసిన రోజుల నుంచీ నాకున్న పద్ధతి ఇది: ఒక్క కొలతను ఎప్పుడూ నమ్మను, రెండోది కూడా అదే మాట చెప్పాలి.

మీ అబ్బాయి రైలు హెచ్‌ఓ, అంటే 1:87. ఆ స్కేలులో బీటిల్ పొడవు 47 మి.మీ. ఉండాలి. మీ డింకీ దానికి దాదాపు రెట్టింపు. స్టేషన్ ముందు పెడితే లావుగా కనిపించక ఏమవుతుంది! మ్యాచ్‌బాక్స్ బీటిల్ కూడా మూడోవంతు పైగా పెద్దదే. రెండూ ఆ లేఅవుట్‌కి, అంటే బల్లమీది ఆ రైలు అమరికకి, పనికిరావు.

బస్సు సంగతి ఇంకా బాగుంటుంది. లండన్ రూట్‌మాస్టర్ బస్సు పొడవు ఇరవై ఏడున్నర అడుగులు, అంటే 8380 మి.మీ. దాన్ని 70తో భాగిస్తే 120 వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే వరుస, ఒకే సైజు అట్టపెట్టె. కారేమో 1:64, బస్సేమో 1:120. ఎందుకంటే మ్యాచ్‌బాక్స్ కంపెనీ స్కేలు చూసి బొమ్మ చేయలేదు, పెట్టె చూసి చేసింది. ఆ బొమ్మల రూపకర్త జాక్ ఓడెల్ కూతురి స్కూల్లో అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మలే తీసుకురానిచ్చేవారట. ఆ పిల్ల కోసం ఆయన చేసిన బుల్లి రోడ్డు రోలర్‌తోనే ఈ ఆలోచన మొదలైందని చెబుతారు. 1953 నుంచి మ్యాచ్‌బాక్స్ బొమ్మలు చేసే లెస్నీ కంపెనీ అలా పెట్టెలో పట్టేలా వరుసగా బొమ్మలు తీసింది. బుల్‌డోజరైనా, బస్సైనా, చిన్న కారైనా అదే పెట్టెలో దూరాలి. అందువల్ల మ్యాచ్‌బాక్స్ అని తెలిసినంత మాత్రాన స్కేలు తెలిసినట్టు కాదు. ప్రతి బండినీ విడిగా కొలవాల్సిందే. అదే కంపెనీ 1956లో మొదలుపెట్టిన మోడల్స్ ఆఫ్ ఎస్టర్‌ఇయర్ వరుసలోనూ ఇంతే. అందులోని తొలి లండన్ బస్సు 1:100, తర్వాత వచ్చిన పాతకాలపు కార్లలో చాలావాటికి అంతకు రెట్టింపు సైజు.

డింకీకి మాత్రం రైళ్లతో చుట్టరికం ఉంది. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ హార్న్‌బీ పేరుతో ‘ఓ’ గేజి అనే సైజు బొమ్మ రైళ్లు అమ్మేది. వాటి పక్కన పెట్టుకోవడానికే 1933 చివర్లో ఈ చిన్న బండ్లు తీసుకొచ్చింది, తర్వాత వాటికి డింకీ అని పేరొచ్చింది. బ్రిటిష్ ‘ఓ’ గేజిలో అసలు అడుగుకి బొమ్మలో 7 మి.మీ., అంటే 1:43.5. అందుకే డింకీ కార్లు ఎక్కువగా 1:43, 1:48 మధ్య ఉంటాయి. లారీలు, బస్సులు అంతకన్నా చిన్నగా చేశారు, వాటిని మళ్లీ కొలవాలి. మీ చిన్నతాతయ్య పెట్టెలో ఇంకా వెతకండి. ఏ బండి అడుగునైనా డింకీతో పాటు డబ్లో అనే మాట కనిపిస్తే అది వేరే జాతి. 1957 చివర్లో హార్న్‌బీ డబ్లో రైళ్ల కోసం మొదలుపెట్టిన చిన్న వరుస అది, స్కేలు 1:76. అందులో ఒక ఫోర్డ్ ప్రిఫెక్ట్ ఉంది, ఒక ఆస్టిన్ టాక్సీ ఉంది, వోక్స్‌వ్యాగన్ డెలివరీ వ్యాన్ కూడా ఉంది. అలాంటిది దొరికితే మీ అబ్బాయికి చెప్పండి. హెచ్‌ఓకి కొంచెం పెద్దదే అయినా, ఎక్కడ పెట్టవచ్చో తర్వాతి జవాబులో రాస్తున్నాను.

మిగిలిన బండ్లకు కూడా కొలత తీయాలనుకుంటే ఇరుసుల నడుమ స్కేలు బద్ద పెట్టి ఇబ్బంది పడొద్దు. ముందు చక్రం ముందు అంచు నుంచి వెనక చక్రం ముందు అంచు దాకా కొలవండి. చక్రాలు రెండూ ఒకే సైజువైతే అదే వీల్‌బేస్. పాత బొమ్మల్లో ఇరుసులు వదులుగా ఆడుతుంటాయి, రెండింటినీ ఒకే వైపుకి నెట్టి కొలవాలి. రాణీగంజ్ పనిముట్ల దుకాణాల్లో ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ దొరుకుతుంది. ఇనుప కాలిపర్ వద్దు, పాత పెయింటు మీద గీతపడితే ఆ గీత ఇక పోదు.

ప్రశ్న: హెచ్‌ఓ, ఓఓ రెండూ ఒకటేనని, పట్టాలు ఒకటే కాబట్టి కార్లు కూడా ఏవైనా కొనుక్కోవచ్చని ఒక దుకాణంలో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: పట్టాలు ఒకటే, బండ్లు కావు. రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. హెచ్‌ఓ మాత్రం అడుగుకి మూడున్నర మి.మీ., ఓఓ (1:76) అడుగుకి 4 మి.మీ. అంటే ఓఓ బండి ఏడో వంతు పెద్దది. ఇంగ్లండ్‌లో రైలింజన్లు ఐరోపా ఇంజన్ల కన్నా సన్నగా ఉండేవి. ఆ రోజుల్లో ఉన్న మోటార్లు హెచ్‌ఓ సైజు బ్రిటిష్ ఇంజన్‌లో పట్టలేదు. దాంతో పట్టాలు అలాగే ఉంచి పైభాగాన్ని పెంచారు. ఆ సర్దుబాటే ఇప్పటికీ కొనసాగుతోంది.

ఏడో వంతు అంటే ఎంతో మీకు తెలియాలంటే అంబాసిడర్ చూడండి. అసలు కారు 4325 మి.మీ. హెచ్‌ఓలో 50, ఓఓలో 57. విడివిడిగా చూస్తే ఎవరూ పట్టుకోలేరు. రెండూ పక్కపక్కన టాక్సీ స్టాండులో నిలబెడితే మాత్రం చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. నేనైతే ఓఓ కారుని హెచ్‌ఓ లేఅవుట్‌లో బల్ల ముందు అంచున, మనిషి బొమ్మలకి, రైలుకి దూరంగా ఒంటరిగా పెడతాను. దగ్గర వస్తువు పెద్దగా కనిపించడం కంటికి అలవాటే కాబట్టి అది కుదురుతుంది. 1:64 కారుకి ఆ కిటుకు పనిచేయదు, పెట్టకండి. సీతాఫల్‌మండి పాఠకుడి 1:120 బస్సు లాంటిదైతే దీనికి తలకిందులు. గోడకి ఆనించి, వెనక ఎక్కడో ఫ్లైఓవర్ మీద పెడితే లేఅవుట్ లోతు పెరిగినట్టుంటుంది. ఏడో నంబరు డబుల్ డెక్కర్‌లో తిరిగినవాళ్లు మన ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లు చూసి మురిసిపోతారు.

మీ రైలు హెచ్‌ఓనో ఓఓనో మీకే అనుమానంగా ఉంటే పట్టాలు కొలవకండి, బోగీ కొలవండి. మన ఐసీఎఫ్ (చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) బోగీ వెడల్పు 3245 మి.మీ. హెచ్‌ఓలో అది 37, ఓఓలో 42 పైన. ఇంకొక మాట కూడా చెప్పాలి. 16.5 అనేది విదేశాల స్టాండర్డ్ గేజికి, అంటే 1435 మి.మీ.కి లెక్కకట్టినది. మన బ్రాడ్‌గేజి 1676, ఐదడుగుల ఆరంగుళాలు. హెచ్‌ఓలో దానికి 19 మి.మీ. పైన రావాలి. అందువల్ల మన రైలు ఆ పట్టాల మీద కాస్త ఇరుకు కాళ్లతో నిలబడినట్టుంటుంది. దాన్ని చూసి కార్ల స్కేలు తప్పనుకోవద్దు.

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో మా వారు నాలుగు పాత ఇనుప కార్లు కొన్నారు. అడుగు రేకుమీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ఏ కారో కూడా మాకు తెలియదు. అలాంటప్పుడు భాగించడానికి అసలు కొలత ఎక్కడిది? రోజూ వీటితోనే పరేషాన్ అవుతున్నాం.
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: పరేషాన్ వద్దమ్మా, మనిషి బొమ్మ ఒకటి చాలు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి హెచ్‌ఓలో 19 మి.మీ., ఓఓలో 22, 1:64లో 26, ‘ఓ’ గేజిలో 38 పైచిలుకు ఉంటాడు. దళసరి అట్టమీద ఈ నాలుగు ఎత్తుల్లో మనుషుల్ని గీసి, కత్తిరించి, ఒక్కొక్కరినీ కారు తలుపు పక్కన నిలబెట్టండి. 1950, 60లలోని మామూలు కార్ల పైకప్పు ఒకటిన్నర మీటరు నుంచి 1.6 మీటర్ల దాకా ఉండేది. అంటే మనిషి నోటి నుంచి నుదుటి దాకా. పైకప్పు అతని నడుము దగ్గరే ఆగినా, నెత్తి దాటి పోయినా ఆ స్కేలు కాదు. స్పోర్ట్స్ కారైతే కప్పు కిందికి ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఇలా స్కేలు ఇంచుమించు తేలాక కారు పేరు వెతకడం తేలిక. ముందు గ్రిల్లు, వెనక కిటికీ వంపు, తలుపుల సంఖ్య చూసుకుంటూ పాత కార్ల ఫొటోలతో పోల్చండి. పేరు దొరికాక వీల్‌బేస్ కనుక్కుని లెక్క సరిచూసుకోండి. ల్యాండ్‌రోవర్ అయితే వెతకనక్కర్లేదు, 88, 109 అని పిలిచే అంకెలే దాని వీల్‌బేస్ అంగుళాలు. పాత విల్లీస్ జీపుకి 80 అంగుళాలు.

చక్రాన్ని బట్టి స్కేలు చెప్పేవాళ్లున్నారు. ఆ కాలపు కారు టైరు నిలువు సుమారు 65 సెం.మీ., కాబట్టి హెచ్‌ఓలో ఏడున్నర మి.మీ., ఓఓలో ఎనిమిదిన్నర రావాలి. కానీ బొమ్మ పరుగెత్తాలని కంపెనీలు చక్రాల్ని పెద్దవీ లావువీ చేస్తాయి. నేను చక్రాన్ని సాక్ష్యంగా తీసుకోను. అయితే కారు వయసు చెప్పడానికి చక్రం బాగా పనికొస్తుంది. మ్యాచ్‌బాక్స్‌లో తొలివి లోహపు చక్రాలు, తర్వాత బూడిదరంగు ప్లాస్టిక్, ఆ తర్వాత నల్ల ప్లాస్టిక్. 1969 నుంచి సన్నని ఇరుసుతో జారిపోయే సూపర్‌ఫాస్ట్ చక్రాలు. కిటికీలకు పారదర్శక ప్లాస్టిక్ ఉందా లేదా అన్నదీ చూడండి. 1956లో కార్గీ కంపెనీ మొదలైనప్పుడు కిటికీలున్న కార్లని చెప్పుకునే అమ్మింది. అప్పటికి డింకీ కార్లకు కిటికీల చోట ఖాళీ కన్నాలే ఉండేవి.

ప్రశ్న: మా దగ్గరున్న ఒక కారు అడుగున నిక్కీ టాయ్స్, మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. అచ్చం డింకీలా ఉంది. ఇంకొకటి యుద్ధానికి ముందటి డింకీ అంటున్నారు, దానికి ఎవరూ ముట్టుకోకుండానే పగుళ్లు వస్తున్నాయి. రెండిటికీ కొత్త రంగు వేసి లేఅవుట్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: మొదటిదానికి దయచేసి రంగు వేయకండి. డింకీవాళ్లు పక్కన పెట్టేసిన అచ్చులు 1960ల చివర్లో కలకత్తాకి వచ్చాయి. వాటితో మన దేశంలోనే పోసిన కార్లు ఇవి. పాత అచ్చుమీద డింకీ అనే మాట చెరిపిన చోటు అడుగు రేకుమీద చేతికి తగులుతుంది, వేలితో తడిమి చూడండి. అచ్చు అదే కాబట్టి స్కేలూ డింకీదే, అంటే హెచ్‌ఓకి రెట్టింపు. పైన రంగు పెచ్చులూడి ఉన్నా సరే, అది మన దేశంలో బొమ్మల తయారీకి మిగిలిన గుర్తు. అలాంటిదాన్ని రైలు పక్కన నిలబెట్టడానికి రంగు మార్చడం నాకు అసలు ఇష్టముండదు. అద్దాల బీరువాలో పెట్టుకోండి.

రెండోదానికి వచ్చింది లోహపు జబ్బు. జింకు మిశ్రమంలో కొంచెం సీసం కలిసిపోయినా కాలం గడిచేకొద్దీ లోపల్నుంచి ఉబ్బి పగులుతుంది. మందు లేదు. తేమ తగలకుండా, వేడి చల్లదనం మరీ మారని చోట ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే. ఆ కారుతో స్కేలు లెక్కలు కూడా వేయకండి. ఉబ్బిన లోహం పొడవు పెరుగుతుంది, మీరు కొలిచేది అచ్చులోంచి వచ్చినప్పటి పొడవు కాదు.

ప్రశ్న: నా హెచ్‌ఓ లేఅవుట్ 1970ల నాటి కాచిగూడ. స్టేషన్ బయట మన బండ్లే ఉండాలని పట్టుదల. అంబాసిడర్ అని కొన్నది వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం, 118 మి.మీ. పొడవుంది. ఇక ఏం కొనాలి?
– ఒక పాఠకుడు, బర్కత్‌పుర

జవాబు: మీది 1:36 దగ్గర ఉంటుంది. పిల్లలకిచ్చేయండి, ఆనందిస్తారు.

మన బండ్లలో చాలావాటికి విదేశీ మూలాలున్నాయి, వాటి పేర్లతో 1:87లో వెతకండి. అంబాసిడర్‌కి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, పద్మినికి ఫియట్ 1100, స్టాండర్డ్ హెరాల్డ్‌కి ట్రయంఫ్ హెరాల్డ్. ఇంగ్లిష్ కార్లు ఎక్కువగా ఓఓలోనే దొరుకుతాయి, కొనేముందు పెట్టెమీద 1:76 అని ఉందేమో చూసుకోండి. ఫియట్ అనిపించేది దొరికితే వీల్‌బేస్ 27 మి.మీ. ఉందా అని కొలవండి, అసలుది 2340.

అసలైన అదృష్టం లారీల దగ్గర ఉంది. టాటాల టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తీయడం మొదలుపెట్టింది. ముందు ముక్కున్న ఆ మెర్సిడెస్ లారీలే మన రోడ్లమీద దశాబ్దాలు తిరిగాయి. జర్మనీవాళ్లది హెచ్‌ఓ దేశం. వైకింగ్, బ్రెకీనా లాంటి కంపెనీలు 1950ల నాటి బానెట్ మెర్సిడెస్ లారీలను 1:87లోనే చేశాయి. కాబట్టి స్కేలు గురించి టెన్షన్ లేదు. ఒక్క పని మాత్రం చేయాలి. వాటి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, క్యాబిన్ విప్పి కుడివైపుకి మార్చండి. వెనక బాడీ తీసేసి సన్నని చెక్కతో మన తరహా ఎత్తు పలకలు కట్టి, క్యాబిన్ నెత్తిన చిన్న అటక కట్టండి. గూడ్స్ షెడ్డు ముందు బియ్యం బస్తాలతో రెండు లారీలు వెనక్కి ఆనించి నిలబెడితే చాలు. అంబాసిడర్ దొరికేదాకా టాక్సీ స్టాండు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, దాని బదులు సైకిల్ రిక్షాలు పెట్టండి. అవి సన్నని రాగితీగతో మీరే చేసుకోవచ్చు, చక్రం నిలువు హెచ్‌ఓలో 8 మి.మీ.